బుధవారం ఓపీ: 5కు మూడున్నర స్టార్లు

నేను ఇప్పటిదాంక ఆన్‌లైన్‌ల రాసిన రివ్యూలు రెండే. ఒకటి కుట్టుమిషన్ మోటరుకు, ఇంకోటి ప్రెషర్ కుక్కరుకు. మోటరు మూడు నెలలకే కాలిపోయింది, ఒక్క స్టారిచ్చి ఊకున్న. ఇది మూడోది. ఈసారి సామానుకు కాదు, దవాఖానకు. మా దిక్కు ఒక సర్కారు దవాఖానల మానసిక విభాగమోళ్లు బుధవారం బుధవారం ఒక ఓపీ నడుపుతరు. మనసు జబ్బు, మత్తు అలవాటు రెండూ ఒక్క మనిషికే ఉంటే అసొంటోళ్లను అక్కడ చూస్తరు. రెండేండ్ల సంది మా తమ్మున్ని తీస్కపోతున్న.

దవాఖాన పేరు, ఊరి పేరు రాస్తలేను. రాస్తే ఈ అక్క ఎవరో, ఆ తమ్ముడు ఎవరో రెండో దినానికే మా వాడకట్టంత తెలుస్తది. నిజామాబాద్ దిక్కు అనుకోండ్రి, చాలు.

తమ్మునికి ఇప్పుడు 34 ఏండ్లు. 2013ల షార్జా పోయిండు, సెంట్రింగ్ పనికి. ఏడాది తిరక్కముందే కంపెనీవాళ్లే టికెట్ కొని వాపస్ పంపిన్రు. క్యాంపు రూంల ఫ్యాను తిరుగుతుంటే అండ్లకెల్లి మాటలు వస్తున్నయని పదిరోజులు నిద్రపోలేదట. ఇక్కడికొచ్చినంక స్కిజోఫ్రీనియా అని చెప్పిన్రు. అప్పటికి ఆ పేరు మా ఇంట్ల ఎవరికీ నోరు తిరగలే. గోలీలు వేసుకుంటే మాటలు తగ్గేవి, కానీ మనిషి మొద్దుబారి గోడకానుకొని కూసునేది. దోస్తులు రావుడు బందైంది. పెండ్లి సంబంధం తప్పిపోయింది. మా ఇంటికి నాలుగు అడుగుల దూరంల కల్లు డిపో. ఇగ అక్కడ కూసునుడు మొదలైంది.

బయటి జిల్లాలోళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలె. మీరనుకునే తాటికల్లు, ఈతకల్లు వేరు. చెట్టు కల్లు పొద్దుగాల దించింది తాగితే కడుపు చల్లగ ఉంటది అంటరు, అది మా తాత కాలం ముచ్చట. డిపోల సీసల పోసి అమ్మే కల్లుల చెట్టు వాటా ఎంతనో ఆ దేవునికే ఎరుక. నీళ్లు, తీపికి సాక్రిన్, కిక్కుకు పొడి. ఆ పొడి అంటే అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్. అంటే డాక్టరు చీటీ లేకుండ ఇయ్యగూడని నిద్రగోలీలే. అది నేరం. పట్టుకుంటరు, కేసులు పెడ్తరు, వారం మూస్తరు, మళ్ల నడుస్తది. ఆ కల్లుకు అలవాటైనోడు ఒక్కసారిగ మానేస్తే చేతులు వణుకుతయి, నిద్ర పోతది, పిచ్చి మాటలు మాట్లాడుతరు, ఫిట్స్ వస్తయి. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసిన్రు గదా, మూడో దినం రాత్రి మా తమ్మునికి ఫిట్స్ వచ్చినయి. ఆ దినాలల్ల కల్లు, మందు దొరకనోళ్లు హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖానకు ఎగబడ్డరని టీవీల చూపిచ్చిన్రు. మా దిక్కు ఎవర్నన్న తిట్టాల్నంటే ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలె’ అంటరు. ఆ రాత్రి మాకు ఎర్రగడ్డ దగ్గరుంటే బాగుండు అనిపిచ్చింది. బండ్లు బంద్, ఎట్ల పోతం.

ఈ ఓపీ ఎందుకు నచ్చిందో తెల్వాల్నంటే దానికి ముందు మేం తిరిగిన జాగాలు చెప్పాలె. ఒక ప్రైవేటు మానసిక డాక్టరు నాలుగేండ్లు చూసిండు. మంచోడే. కానీ కల్లు సంగతి చెప్పంగనే పెన్ను కింద పెట్టి, “ముందు మందు మానిపించి తీసుకరండి, అప్పుడు నా గోలీలు పన్జేస్తయి” అన్నడు. మానిపిచ్చేటోళ్ల దగ్గరికి పోయినం. అక్కడ ఫారం నింపుతుంటే స్కిజోఫ్రీనియా అన్న మాట చూసి, “మెంటల్ కేసులు మేం తీసుకోం మేడం, ముందు అది తగ్గించి తీసుకరండి” అన్నరు. ఆ దినం బస్టాండుల కూసొని నేనూ అమ్మ మొఖాలు చూసుకున్నం. ఒకరు అది తగ్గిచ్చి రమ్మంటరు, ఇంకొకరు ఇది తగ్గిచ్చి రమ్మంటరు. రెండూ ఉన్నోడు మధ్యల టీ తాగుతున్నడు.

ఇంకో సెంటరోళ్లు తీసుకున్నరు, 2019ల. నెలకు 12 వేలు, మూడు నెలలు. నా బంగారం గొలుసు అక్కడనే పోయింది. మొదటి దినమే గుండు గీసిన్రు. “ఏ మందైనా మందే, మెదడును బానిస చేస్తది” అని ఆయన మానసిక గోలీలు కూడ బంద్ పెట్టిన్రు. మూడో వారానికి మాటలు మళ్ల మొదలు. రాత్రి అరుస్తున్నడని చేతికి గొలుసు కట్టి మంచానికి కట్టేసిన్రు. మాకు తెల్వదు, 45 దినాలు చూడనియ్యలే. ఇంటికి పంపేటప్పుడు ఒక పొట్లం ఇచ్చి, “ఈ పొడి ఆయనకు తెల్వకుండ పప్పుల కలిపి పెట్టండి, తాగితే వాంతులై భయపడ్తడు” అన్నరు. అది డైసల్ఫిరామ్. చెప్పకుండ పెడితే పానం మీదికొస్తదని, పైంగ మాటలు వినబడే జబ్బును అది ఎక్కువ చేయొచ్చని నాకు ఈ బుధవారం ఓపీల తెలిసింది, నాలుగేండ్ల తర్వాత. పొట్లం మాత్రం అమ్మ అప్పుడే పారేసింది. “తినేదాంట్ల దొంగతనంగ కలుపుడేంది, వాడు నా చేతి బువ్వను నమ్ముతడు” అన్నది. చదువుకోని మనిషి.

కోపంతోని కాదు, కామ్‌గనే రాస్తున్న: 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ రెండు పనులనూ మెడకాయ మీద చెయ్యేసి ఆపుతది. బలవంతంగ గుండు గీయొద్దు, ఏ తీరుగ కూడ గొలుసులతోని కట్టెయ్యొద్దు. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులు కూడ ఆ చట్టం కిందికే వస్తయి, అందుకే ‘మాది డీఅడిక్షన్ సెంటర్, మాకు ఆ రూల్స్ లేవు’ అంటే నమ్మొద్దు. రిజిస్ట్రేషన్ కాగితం గోడకు ఉందో లేదో చూడుండ్రి. అడిగితే మొఖం మాడ్చేటోళ్ల దగ్గర పైసలు కట్టొద్దు.

2023ల ఒక రాత్రి 14416కు ఫోన్ చేసిన. టెలీ మానస్ అంటరు, 2022 అక్టోబర్ 10 నాడు కేంద్రం మొదలుపెట్టింది, పైసల్లేవు, తెలుగుల మాట్లాడుతరు. ఫోన్ల ఆమెకు ఇదంత చెప్పిన. కల్లు ఒక్కసారిగ ఆపించొద్దని, రెండు జబ్బులనూ ఒక్కదగ్గరనే చూపియ్యాలని చెప్పింది. సర్కారు దవాఖానల మానసిక విభాగం దగ్గరికి పోయి అడగమన్నది. అట్ల పోయినం.

ఇగ అసలు సంగతి. ఓపీ చీటీ కిటికీ 8 గంటలకు తీస్తరు. ఏడున్నరకు పోతే 15, 20 నంబరు వస్తది. తొమ్మిదికి పోతే 70 దాటుతది, ఇగ పగటి బువ్వ తిని రావొచ్చు. రూం బయట మూడు ఇనుప బెంచీలు, వాటికి యాభై మంది. ఫ్యాను ఒకటి తిరగది. అది మా తమ్మునికి మంచిదే అయింది, ఫ్యాను తిరిగితే ఆయన దాని కింద కూసోడు. చీటీ మీద ‘సైకియాట్రీ’ అని రాస్తరు, ‘డీఅడిక్షన్’ అని వేరేగ రాయరు, అది నాకు నచ్చింది. వాచ్‌మన్ మాత్రం పెద్ద గొంతుతోని “కల్లు బ్యాచ్ ఇటు రాండ్రి” అని పిలుస్తడు. రెండుసార్లు చెప్పినం, మారలే. ఒక స్టారు అక్కడనే పోయింది.

లోపల ఒక మేడం, చిన్న వయసే. తొమ్మిదేండ్లల్ల నేను ఆరుగురు డాక్టర్లను చూసిన. మాటలు వినబడుతున్నయా అని అందరు అడిగిన్రు. తాగుతడా అని ముగ్గురు అడిగిన్రు. ఈమె రెండూ అడిగి, “కల్లు తాగినప్పుడు ఆ మాటలు ఏమైతయి?” అన్నది. తమ్ముడు చాలాసేపు నేల చూసి, “పోవు మేడం. కానీ జర దూరం జరుగుతయి. పక్కింట్ల మాట్లాడినట్టు” అన్నడు. నాకు గొంతు పట్టుకున్నట్టైంది. పదేండ్లు తాగొద్దని కాళ్లు మొక్కిన, కొట్టిన, తలుపు గొళ్లెం పెట్టిన. ఎందుకు తాగుతున్నవ్‌రా అని నిజంగ తెలుసుకునేటందుకు ఒక్కసారి అడగలే.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న: “రోజుకు బీడీలు ఎన్ని?”

అమ్మ, నేను మొఖాలు చూసుకున్నం. అమ్మ నలభై ఏండ్ల సంది బీడీలు చేస్తది. చాటల తునికాకు, తంబాకు ఎప్పుడూ ఇంట్ల ఉండేదే. తమ్ముడు అండ్లకెల్లే తీసుకొని తాగుతడు, ఎవరు లెక్కపెట్టిన్రు. ముప్పై, నలభై ఉంటయన్నం. మేడం అప్పుడు పాత చీటీల మీద ఉన్న ఓలంజపిన్ గోలీ చూపించి చెప్పింది: పొగల ఉండే కొన్ని పదార్థాలు కాలేయాన్ని తొందరపెడ్తయి, అది ఈ గోలీని తొందరగ కరగదీసి బయటికి పంపుతది. ముప్పై బీడీలు తాగేటోని ఒంట్ల గోలీ సగమే మిగలొచ్చు. అంటే ఇన్నేండ్లు గోలీ పన్జేస్తలేదని డాక్టర్లు, వేసుకుంటలేడని మేం అనుకున్నం. వేసుకున్నడు. మా ఇంటి బీడీలు దాన్ని తినేసినయి. అమ్మ మొఖం చూసి మేడమే, “మీ తప్పేం లేదమ్మ, ఇది మీకెవరూ చెప్పలేదు గదా” అన్నది.

16 దినాలు వార్డుల ఉన్నం. కల్లుల ఉన్న నిద్రగోలీకి బదులు డాక్టరు లెక్కతోని డైజోఫాం ఇచ్చి, దాన్ని మెట్టు మెట్టు దించిన్రు. బీ1 విటమిన్ సూదులు ఇచ్చిన్రు. ఫిట్స్ రాలే. మత్తు దిగినంకనే క్లోజపిన్ అనే గోలీ మొదలుపెట్టిన్రు. ముందే ఎందుకియ్యలే అంటే, మత్తు గోలీలతోని కలిస్తే ఊపిరి మందగిస్తదట. ఇది గట్టి గోలీ. వేరేవి పన్జెయ్యనప్పుడే ఇస్తరు. రక్తంల తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉన్నదని మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. మల్ల ప్రతిసారి మేడం “మోషన్ సాఫీగ అయితుందా” అని అడుగుతది. మొదట్ల నవ్వొచ్చింది. ఈ గోలీతోని మలబద్ధకం ముదిరితే పానాలే పోవచ్చని తెలిసినంక ఇంట్ల రోజూ నేనే అడుగుతున్న.

ఈ గోలీకి కూడ బీడీ పొగతోని అదే పంచాయితీ, కాకపోతే ఉల్టా భయం ఎక్కువ. బీడీలు ఒక్కసారిగ బందైతే అదే డోసు ఒంట్ల పెరిగిపోయి మనిషి తూలిపోతడు, ఫిట్స్ కూడ రావొచ్చు. “బీడీ మానుడు మంచిదే, కానీ నాకు చెప్పకుండ మానొద్దు” అన్నది మేడం. జ్వరమొచ్చినా చెప్పమన్నది. ఇట్ల చెప్పే డాక్టరును నేను ఇంతకుముందు చూడలే.

ఇప్పుడు ఒక లెక్క చెప్త. అమెరికాల 1990ల అచ్చయిన ఒక పెద్ద సర్వేల, స్కిజోఫ్రీనియా ఉన్నోళ్లల్ల 100కు 47 మందికి జీవితంల ఎప్పుడో ఒకప్పుడు మద్యమో డ్రగ్సో సమస్య ఉన్నదని తేలిందట. బైపోలార్ (మనసు ఒకపారి అతిగ ఉషారై, ఇంకోపారి బాగ కుంగిపోయే జబ్బు) మొదటి రకం ఉన్నోళ్లల్ల 100కు 61 మంది. అంటే రెండూ కలిసుండుడు ఏదో మా ఇంటి ఖర్మ కాదు, సగం ఇండ్ల ముచ్చట. మన దగ్గర 2015-16ల బెంగుళూరు నిమ్హాన్స్ (కేంద్రం నడిపే మానసిక దవాఖాన) వాళ్లు జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసిన్రు, 12 రాష్ట్రాలల్ల. అండ్ల తెలంగాణ లేదు, ఆంధ్రా లేదు. కల్లు డిపోలల్ల ఎందరున్నరో ఎవరికెరుక మరి.

మళ్లోసారి పడిపోయిన సంగతి చెప్పకుంటే రివ్యూ దొంగ రివ్యూ అయితది. ఆరు నెలలు బాగున్నడు. ఏడో నెల మా మేనబావ కొడుకు పెండ్లి, దావత్. మూడు దినాలు తాగిండు, గోలీలు వేసుకోలే. మేం బుధవారం పోవుడే మానేసినం, సిగ్గుతోని. ముందటి సెంటరుల ఒకసారి తాగితే బయటికి పంపుతరు గదా, ఆ భయం. గురువారం అక్కడి కౌన్సెలింగ్ సారే ఫోన్ చేసి, “నిన్న రాలేదేందమ్మ?” అన్నడు. పోయినం. మేడం తిట్టలే. ఎన్ని సీసలు, ఎవరితోని, గోలీ ఎన్ని దినాలు తప్పింది అని అడిగింది. క్లోజపిన్ 48 గంటలు దాటి తప్పితే పాత డోసు మళ్ల ఒక్కసారే ఎత్తుకోవద్దు, కింది నుంచి మెల్లగ మొదలుపెట్టాలె. మేం భయపడి ఆ పొద్దుగాల్నే పాత డోసు ఇద్దామనుకున్నం. ఇయ్యలే, బతికిపోయినం. సిగ్గుపడి దాచుకున్న దానికంటే చెప్పుకున్నది నయమని ఆ దినం అర్థమైంది.

కౌన్సెలింగ్ సారు గురించి ఒక మాట. గోడకు పుర్రె బొమ్మల పోస్టరు లేదు, ఒట్టు పెట్టిచ్చుడు లేదు. తమ్మునితోని ఒక పొద్దంత డిపో గురించే మాట్లాడిండు. అక్కడ ఏముంటది, ఎవరు కూసుంటరు. తమ్ముడు అన్నడు: “సార్, ఊర్ల నన్ను చూస్తే పిల్లలను లోపలికి పిలుచుకుంటరు. డిపోల ఎవడూ నన్ను పిచ్చోడనడు. అక్కడ అందరు నా తీరుగనే మాట్లాడుతరు గదా.” సారు నవ్వలే, రాసుకున్నడు.

కానీ రాసుకొని ఏం చేసిన్రు? ఇంకో అర స్టారు ఇక్కడ కోస్తున్న. సాయంత్రం ఐదైతే మా తమ్ముడు పోనీకి డిపోకు బదులు ఇంకో జాగా లేదు. గోలీ ఉన్నది, రక్తపరీక్ష ఉన్నది, బుధవారం ఉన్నది. మిగిలిన ఆరు దినాల సాయంత్రాలు ఎటు పోవాలె? డే కేర్ (పేషెంట్లు వచ్చి పొద్దు గడిపే జాగా) పెడ్తమని చెప్పవట్టి ఏడాది దాటింది. ఇప్పటికైతే నా దుకాణంల గుండీలు కుడుతుండు. బ్లౌజుకు ఐదు హుక్కులు. బాగనే కుడ్తడు గానీ, ఆడోళ్లు వచ్చినప్పుడు లేచి ఎనుక గదిల కూసుంటడు.

ఆడోళ్లు అంటే యాదికొచ్చింది. మా దిక్కు ఆడోళ్లు కూడ కల్లు తాగుతరు, పొలం పనికెళ్లి వచ్చి. ఓపీల ఒకామె కనబడుతుండె, బైపోలార్, మా అమ్మ ఈడుదే. మత్తు దించేటందుకు ఆడోళ్లకు వేరే మంచాలు లేవని మూడుసార్లు తిప్పి పంపిన్రు. ఆ తర్వాత ఆమె కనబడలే. ఈ ఓపీని ఎవరన్న పొగిడితే నాకు ఆమెనే కనబడ్తది.

మందుల స్టాకు ఏడాదిల రెండుసార్లు అయిపోయింది, బయట కొన్నం. అది సర్కారు దవాఖానల మామూలే, దాని కోసం మార్కులు తగ్గిస్తలేను.

పోయేటోళ్లకు: పాత చీటీలన్ని తారీఖు ప్రకారం పెట్టుకపోండ్రి, లేకుంటే మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తది. ఫిట్స్ వచ్చినయా, ఎన్నిసార్లు, అది ముందే చెప్పాలె. కల్లు ఎన్ని సీసలో నిజం చెప్పాలె, తక్కువ చెప్తే డైజోఫాం తక్కువేస్తరు, నష్టం మనకే. పేషెంటు మంచిగున్నప్పుడే ‘నా తరఫున ఎవరు మాట్లాడాలె’ అనేది తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు, ఆ చట్టంల ఉన్నది. మా తమ్ముడు అమ్మ పేరు రాస్తడనుకున్నం, నా పేరు రాసిండు. అమ్మ రెండు దినాలు మాట్లాడలే.

ఇప్పుడు అమ్మకు వేరే డ్యూటీ దొరికింది. పొద్దుగాల ఒక అగ్గిపెట్టెల లెక్కపెట్టి బీడీలు పెట్టి ఇస్తది. ఎన్ని వాపస్ వచ్చినయో రాత్రి చూస్తది. మొదటి నెల పాతిక, మెల్లగ ఇరవై, పదిహేను. ఎక్కడన్న అడుక్కొని తాగినా పట్టుకుంటది. వెయ్యి బీడీలకు నాలుగు తక్కువైతే టేకేదారు (బీడీల కాంట్రాక్టరు) పట్టుకుంటడు, నలభై ఏండ్లు ఆ లెక్కల బతికిన మనిషి.

పోయిన బుధవారం మా నంబరు 23. మేడం ముందు మాటల గురించి అడిగింది, తమ్ముడు చెప్పిండు. కల్లు అంటే, “ఆదివారం ఒక సీస” అని నేను నోరు తెరవకముందే ఆయనే చెప్పిండు. బీడీలు అనంగనే అమ్మ ముందుకొచ్చి, “తొమ్మిది మేడం. నిన్న పదకొండు” అన్నది. మేడం రాసుకొని, ఈ లెక్కకు గోలీ డోసు చూసుకోవాలె, రేపు రక్తమియ్యండ్రి అన్నది. ల్యాబు కిటికీ ఒంటిగంటకు మూస్తరు, ఇది కూడ యాది పెట్టుకోండ్రి.